తెరమీద చుక్కల ముగ్గు

ఒక ప్రక్క పులికాట్ సరస్సు, ఒక ప్రక్క బంగాళాఖాతం. నడుమ కదురు ఆకారంలో శ్రీహరికోట దీవి. యానాదులు నివసించే, సరుగుడు తోటలు పెరిగే ఈ దీవిని 1969లో రాకెట్ల ప్రయోగానికి ఎన్నుకొన్నారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఇక్కడినుండి మొదటిసారిగా లేచినది. దీవి అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 2022లో జిల్లాలను తిరిగి విభజించినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయినది. సముద్రం మాత్రం ఎక్కడిది అక్కడే ఉన్నది.

1997 సెప్టెంబరు 29న ఇక్కడినుండి పి.ఎస్.ఎల్.వి. సి-1 రాకెట్టు ఐ.ఆర్.ఎస్.-1డి అనే దూరసంవేదన ఉపగ్రహాన్ని పైకి తీసుకొనిపోయినది. నాలుగవ అంచెలో కలిగిన లోపంవలన ఉపగ్రహం తలచిన వర్తుల కక్ష్యకు బదులు దీర్ఘవృత్తాకార కక్ష్యలో పడినది. తనలో ఉన్న ఇంధనాన్ని ఖర్చుపెట్టి తరువాత దానిని కొంతవరకు సరిదిద్దుకొన్నది. దానిలోని నలుపు తెలుపు కెమేరా నేలమీద 5.8 మీటర్ల ముక్కను ఒక చుక్కగా చూడగలదు. నెల్లూరు తీరాన అలలమీద ఊగే ఫైబరు పడవ ఎనిమిది తొమ్మిది మీటర్ల పొడవుంటుందనుకొందాం. ఆ కెమేరాకు అది ఒకటి రెండు చుక్కలు. చిన్నదే, కాని ఉన్నది.

ఇప్పుడు ఆ చిత్రం నేలకు చేరిన తరువాతి సంగతి చూడవలె. కెమేరా ఒకేసారి 70 కిలోమీటర్ల వెడల్పు చూస్తుంది. 70 కిలోమీటర్లను 5.8 మీటర్లతో భాగిస్తే ఒక్కొక్క వరుసకు సుమారు 12,000 చుక్కలు. ఆనాడు కంప్యూటరు బల్లమీద ఉండే మంచి తెరకు అడ్డంగా 1024, నిలువుగా 768 చుక్కలు. చిత్రం వెడల్పంతా తెరలో ఇమడాలంటే అడ్డంగా పన్నెండు, నిలువుగా పన్నెండు, మొత్తం 144 చుక్కలను కలిపి ఒక చుక్కగా చేయవలె. పడవ తాలూకు రెండు చుక్కలు ఆ 144లో కరిగిపోతాయి. ఆకాశంనుండి చూచిన కన్ను పడవను పట్టుకొన్నది. బల్లమీది గాజు దానిని మింగివేసినది.

దృశ్యం స్పష్టంగా ఉండాలంటే మంచి కెమేరా ఉంటే చాలునని సాధారణంగా అనుకొంటారు. లేదా ఖరీదైన తెర కొంటే చాలునని అనుకొంటారు. ఈ రెంటికీ నడుమ తీగ ఉన్నది, చిత్రం గీచే యంత్రం ఉన్నది, చిట్టచివర చూచే కన్ను ఉన్నది. ఈ వరుసలో ఎక్కడ ఒక చుక్క తన స్థానం తప్పినా స్పష్టత అక్కడే పోతుంది. తెరల చరిత్ర అంతా చుక్కను దాని గడిలో నిలబెట్టడానికి పడిన పాట్ల చరిత్రే.

చిత్రాన్ని చుక్కలుగా విడదీసి కంప్యూటరులోకి ఎక్కించే పని 1957లో మొదలయినది. అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేసే రస్సెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫొటోను 176 వరుసలుగా, వరుసకు 176 చుక్కలుగా చదివించినాడు. ఫొటో అయిదు సెంటీమీటర్ల చదరం మాత్రమే. ఈ చుక్కకు పిక్సెల్ అనే పేరు అచ్చులో కనబడినది 1965లో. చంద్రునినుండీ అంగారకునినుండీ వ్యోమనౌకలు పంపిన చిత్రాలను గురించి ఫ్రెడ్ బిల్లింగ్స్లీ అనే ఇంజనీరు వ్రాసిన వ్యాసాలలో ఆ మాట వచ్చినది. నేడు బడిపిల్లల నోట కూడ వినవచ్చే ఈ మాట అంతరిక్ష చిత్రాల ఇంట పుట్టినదని కొద్దిమందికే తెలుసు.

తెలుగునాట మాత్రం ఈ ఊహ కొత్తది కాదు. సంక్రాంతి నెలలో వాకిట ముగ్గు పెట్టే ఆడపిల్ల మొదట చుక్కలు పెడుతుంది. అడ్డంగా ఇన్ని, నిలువుగా ఇన్ని అని లెక్క ఉంటుంది. ఆ లెక్కలోనే గీత తిరుగుతుంది. నెల్లూరు సీమలోని వెంకటగిరి నేతగాడు చీర అంచుమీద హంసను నేయబోయేముందు గళ్ళ కాగితంమీద దానిని గడి గడిగా నింపుకొంటాడు. నూలు సన్నమైనకొద్దీ హంస మెడ వంపు నునుపుగా వస్తుంది. ముతక నూలుమీద అదే మెడ మెట్లు మెట్లుగా కనబడుతుంది. కంప్యూటరు తెర కూడ ఇటువంటి గళ్ళ కాగితమే. గడి ఎంత సన్నం అన్నది ఒక ప్రశ్న. గీచిన బొమ్మలోని గడి, తెరలోని గడి ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటున్నవా అన్నది రెండవ ప్రశ్న. మొదటిదానిని అందరూ అడుగుతారు. కొట్లో అట్టపెట్టెమీద అచ్చువేసేది కూడ దానినే. చిక్కంతా రెండవదానిలో ఉన్నది.

మొదటి తెరలకు ఈ రెండవ ప్రశ్న లేదు. 1897లో జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేసిన కాథోడ్ కిరణ నాళమే టెలివిజనుకూ, తరువాత కంప్యూటరు తెరకూ మూలం. గాజు బుడ్డి వెనుకనుండి ఎలక్ట్రానుల ధార వచ్చి ముందరి గాజుకు పూసిన పూతమీద పడుతుంది, పడినచోట వెలుగు. ధారను వరుసకు 640సార్లు మార్చినా, 1024సార్లు మార్చినా నాళానికి అభ్యంతరం లేదు. కుంచె పట్టుకొన్న చిత్రకారునివలె అది ఎన్ని గీతలంటే అన్ని గీస్తుంది. అయితే దాని గీత ఎప్పుడూ కొంత మెత్తగానే ఉంటుంది. వెలుగు చుక్క అంచులు ప్రక్క చుక్కమీదకు చిందుతాయి. 1987లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన వి.జి.ఎ. పద్ధతిలో చిత్రానికి 640 చుక్కల వెడల్పు, 480 ఎత్తు. కేవలం అక్షరాలు చూపే పద్ధతిలో ఒక్కొక్క అక్షరానికి 9 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు కేటాయించినారు. ఇంగ్లీషు అక్షరానికి ఇది సుఖంగా సరిపోయినది.

తెలుగు అక్షరం సంగతి వేరు. స్త్రీ అనే ఒక్క అక్షరం వ్రాయాలంటే స ఉండవలె, దానిపైన గుడిదీర్ఘం ఉండవలె, క్రింద త వత్తు, ర వత్తు ఉండవలె. ఇన్నిటికీ కలిపి 16 చుక్కల ఎత్తు. మన లిపి పైకీ క్రిందికీ పెరుగుతుంది, పైగా అంతా గుండ్రని వంపులు. ఇంకొక గడ్డు సంగతి ఏమంటే మన అక్షరాలలో చాలాచోట్ల భేదం ఒక్క చుక్కలోనో ఒక్క చిన్న గీతలోనో ఉన్నది. ద క్రింద గీత గీస్తే ధ. లోపల చుక్క కూడ పెడితే థ. ర లోపల చుక్క పెడితే ఠ. ఇవే వత్తులుగా మారితే మరింత చిన్నవవుతాయి. అర్థం అనే మాటలో థ వత్తు కడుపులోని చుక్కను ముతక తెర మింగివేస్తే అది అర్ధం అవుతుంది. అనగా భావం కాస్తా సగం అవుతుంది. పరీక్ష కాగితంలో విద్యార్థి ఈ రెంటినీ కలిపివేస్తే ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో సున్న చుడతాడు. తెర కలిపివేసినప్పుడు ఎవరిని అడగవలె?

1980లలో కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలయి, పూనాలోని సి-డాక్ సంస్థ ద్వారా వచ్చిన జిస్ట్ అనే కార్డు భారతీయ లిపులను మామూలు కంప్యూటరు తెరమీదికి తెచ్చినది. 1991లో ఇస్కీ అనే సంకేత పట్టిక భారతీయ ప్రమాణమయినది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలో తెలుగుకు చోటు దొరికినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చినది. ఈ మెట్లన్నీ గొప్పవే. అయితే సంకేత పట్టిక అక్షరానికి ఒక సంఖ్య ఇస్తుంది, అంతే. ఆ సంఖ్య థ అని చెప్పినంతమాత్రాన దాని కడుపులో చుక్క కనబడదు. చుక్క కనబడడానికి గాజుమీద చోటు కావలె.

కాథోడ్ నాళాన్ని నెట్టివేసిన ద్రవ స్ఫటికాల కథ 1888లో మొదలయినది. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ రైనిట్జర్ కేరట్ దుంపనుండి తీసిన ఒక పదార్థాన్ని వేడిచేస్తూ, అది రెండుసార్లు కరగడం గమనించినాడు: మొదట మబ్బుగా, తరువాత తేటగా. ద్రవమూ కాని, స్ఫటికమూ కాని ఆ నడిమి స్థితి చాలాకాలం ప్రయోగశాలలో వింతగానే ఉండిపోయినది. 1968లో అమెరికాలో జార్జి హీల్‌మయర్ బృందం దానితో చేసిన తెరలను లోకానికి చూపినది. 1970లో షాట్, హెల్ఫ్రిష్ అనే ఇద్దరు స్విట్జర్లండులో స్ఫటికపు అణువులను మెలితిప్పి విద్యుత్తుతో విప్పే పద్ధతి కనిపెట్టినారు. ఈ రంగంలో మనవారి చేయి కూడ ఉన్నది. బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు 1977లో బిళ్ళల ఆకారపు అణువులతో ఏర్పడే కొత్తరకం ద్రవ స్ఫటికాలను కనుగొన్నారు.

ద్రవ స్ఫటికపు తెరలో కుంచె లేదు. కర్మాగారంలోనే చుక్కలు చెక్కివేస్తారు. అడ్డంగా 1920, నిలువుగా 1080 అంటే అంతే, తగ్గవు, పెరగవు. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు సన్నని కిటికీలు ఉంటాయి. చుక్క అంచు కత్తితో కోసినట్లు ఉంటుంది కాబట్టి సరిగ్గా వాడుకొంటే కాథోడ్ నాళం ఎన్నడూ ఇవ్వనంత స్పష్టత వస్తుంది. సరిగ్గా వాడకపోతే కాథోడ్ నాళంకంటె అధ్వాన్నంగా ఉంటుంది.

ఇక్కడే జనం ఎక్కువగా తప్పటడుగు వేసినారు, ఇప్పటికీ వేస్తున్నారు. పాత తెరల అలవాటుకొద్దీ, అక్షరాలు చిన్నవిగా ఉన్నవని కంప్యూటరులో చుక్కల సంఖ్య తగ్గిస్తారు. 1920 చుక్కల తెరకు 1280 చుక్కల చిత్రం పంపుతారు. పదమూడు చుక్కల వరుసగా పెట్టిన వాకిట్లో తొమ్మిది చుక్కల ముగ్గును సాగదీసి వేయమన్నట్లుంటుంది ఇది. గీత కొన్నిచోట్ల చుక్కమీద పడుతుంది, కొన్నిచోట్ల రెండు చుక్కల నడుమ పడుతుంది. నడుమ పడినదానిని తెర ఇటు కొంత అటు కొంత పంచి బూడిదరంగు పూస్తుంది. అక్షరం పెద్దదవుతుంది, నిజమే; దానితోపాటు మసక కూడ పెద్దదవుతుంది. ఇటువంటి తెరకు ఎల్లప్పుడూ అది పుట్టినప్పటి చుక్కల సంఖ్యనే పంపవలె. అక్షరం పెద్దది కావాలంటే కంప్యూటరునే అక్షరాన్ని ఎక్కువ చుక్కలతో గీయమని అడగవలె. ఈ రెండూ ఒకటేనని తోస్తుంది గాని, ఒకటి అచ్చయిన కాగితాన్ని భూతద్దంలో చూడడం, మరొకటి పెద్ద అచ్చులతో తిరిగి అచ్చువేయడం.

తీగలోనూ ఒక చిక్కు దాగి ఉన్నది. వి.జి.ఎ. తీగ చుక్కలను చుక్కలుగా పంపదు. ఎక్కుతూ దిగుతూ ఉండే విద్యుత్ పీడనంగా పంపుతుంది. అందుకొన్న ద్రవ స్ఫటికపు తెర ఆ అలను తన లెక్కప్రకారం మళ్ళీ ముక్కలు చేసుకోవలె. లెక్క అణువంత తప్పినా తెరమీద కొన్నిచోట్ల అక్షరాలు తేటగాను, కొన్నిచోట్ల మసకగాను నిలువు పట్టీలుగా కనబడతాయి. ఆ తెరల అంచున ఆటో అనే మీట ఉండేది ఈ లెక్క సరిచూచుకోవడానికే. 1999లో వచ్చిన డి.వి.ఐ., 2002 చివర వచ్చిన హెచ్.డి.ఎం.ఐ. చుక్కలను అంకెలుగానే మోసినవి. దానితో ఆ పీడ విరగడయినది.

చుక్కల సంఖ్య పెంచకుండ స్పష్టత పెంచే ఉపాయం ఒకటి 1998లో మైక్రోసాఫ్ట్ ప్రకటించినది. దాని పేరు క్లియర్‌టైప్. చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కిటికీలు ప్రక్కప్రక్కన ఉన్నవి గదా, అక్షరం అంచును చుక్కలో మూడవ వంతు వరకు జరపవచ్చునని వారి యుక్తి. ఇంగ్లీషు అక్షరాలలో నిలువు గీతలు ఎక్కువ. వాటి అంచులు ఇందువల్ల చక్కగా నునుపుతేరినవి. కాని కిటికీలు అడ్డంగా మాత్రమే వరుసగా ఉన్నవి, నిలువుగా లేవు. పైకీ క్రిందికీ పెరిగే తెలుగుకు ఈ లాభం సగమే దక్కినది. అక్షరాల నెత్తిమీది గుండ్రని వంపు మెట్లు మెట్లుగానే ఉండిపోయినది. వత్తులు అంతకుముందువలెనే ఇరుకులో పడి ఉన్నవి. మన లిపికి నిజంగా కావలసినది యుక్తి కాదు, ఎక్కువ చుక్కలు.

అవి 2001లో వచ్చినవి. ఐ.బి.ఎం. సంస్థ టి-220 అనే తెరను విడుదల చేసినది. కొద్దిపాటి మార్పులతో టి-221 దాని వెంట వచ్చినది. 22.2 అంగుళాల గాజుమీద అడ్డంగా 3840, నిలువుగా 2400 చుక్కలు. మొత్తం 92 లక్షల 16 వేలు. అంగుళానికి 204 చుక్కలు. మామూలు కంప్యూటరు తెర అంగుళానికి వందకు అటూ ఇటూ ఉన్న రోజులవి. మొదటి ధర సుమారు 22,000 డాలర్లు. వైద్యుల ఎక్స్‌రే చిత్రాలకు, యంత్రాల నమూనాలకు, ఉపగ్రహ చిత్రాలకు పనికివచ్చే తెర ఇది. ఐ.ఆర్.ఎస్.-1డి చిత్రాన్ని దీనిమీద చుక్కకు చుక్కగా పరిస్తే 22 కిలోమీటర్ల వెడల్పు ఒక్కసారి కనబడుతుంది; 1024 చుక్కల తెరమీద ఆరు కిలోమీటర్లే.

అంతటి తెరకూ రెండు అవాంతరాలు ఎదురయినవి. ఒకటి తీగ. అప్పటి డి.వి.ఐ. తీగ ఒకదానికి ఇన్ని చుక్కలు మోసే శక్తి లేదు. తెరను నాలుగు భాగాలుగా చేసి నాలుగు దారులలో చిత్రం పంపినారు. అప్పటికీ సెకనుకు 41 బొమ్మలకు మించలేదు. రెండవది అక్షరం. కంప్యూటరు ప్రోగ్రాములన్నీ అంగుళానికి 96 చుక్కలుంటాయన్న నమ్మకంతో వ్రాసినవి. 204 చుక్కల గాజుమీద వాటి అక్షరాలు సగంకంటె చిన్నవయినవి. తెర మహా స్పష్టంగా ఉన్నది. చదవడానికి మాత్రం ముఖం గాజుకు ఆనించవలె. తెర ముందు వచ్చి, ప్రోగ్రాములు వెనుకబడిన కాలమది. ఆ వెనుకబాటు తీరడానికి పది సంవత్సరాలకు పైగా పట్టినది.

ఇంతకూ కంటికి ఎంత సన్నని చుక్క కావలె? 1862లో నెదర్లండ్స్ వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ తయారుచేసిన అక్షరాల పటం కళ్ళ వైద్యుని గదిలో ఇప్పటికీ వ్రేలాడుతూ ఉంటుంది. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యవ వంతు కోణంలో ఉన్న రెండు గీతలను విడివిడిగా గుర్తిస్తుందని దానికి ఆధారం. లెక్క కష్టం కాదు. తొమ్మిదవ తరగతి విద్యార్థి చేయగలడు. తెర కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ కోణానికి 0.175 మిల్లీమీటరు వస్తుంది. 24 అంగుళాల తెరమీద 1920 చుక్కలుంటే ఒక్కొక్క చుక్క 0.277 మిల్లీమీటరు, కన్ను దానిని పట్టివేస్తుంది. 27 అంగుళాల తెరమీద 3840 చుక్కలుంటే చుక్క 0.156 మిల్లీమీటరు, కంటికి చిక్కదు. కాని ఒక గీత ప్రక్కకు జరిగిందా లేదా అన్నది కన్ను ఇంతకంటె ఎన్నోరెట్లు సూక్ష్మంగా గుర్తిస్తుంది. వంపులోని మెట్లు ముందుగా కంటికి గుచ్చుకోవడానికి కారణం అదే. వంపులే ఒళ్ళంతా ఉన్న తెలుగు లిపికి ఇది వర్తించినంతగా మరి దేనికి వర్తిస్తుంది?

2010లో యాపిల్ సంస్థ అంగుళానికి 326 చుక్కల తెరతో ఐఫోన్-4 తెచ్చినది. 2012లో 2880 చుక్కల వెడల్పుగల ఒడి కంప్యూటరు, 2014లో 5120 చుక్కల వెడల్పుగల 27 అంగుళాల బల్ల కంప్యూటరు వచ్చినవి. ఈ సంఖ్యలు ఆషామాషీగా వేసినవి కావు. పాత తెరలు 1440, 2560. సరిగ్గా రెట్టింపు. పాతకాలపు ఒక చుక్క స్థానంలో అడ్డంగా రెండు, నిలువుగా రెండు, మొత్తం నాలుగు చుక్కలు కూర్చుంటాయి. గీత ఎక్కడా రెండింటి నడుమ పడదు. అక్షరం పరిమాణం మారదు, థ వత్తు కడుపులో రెండు మూడు చుక్కలున్న చోట అయిదారు చుక్కలు వస్తాయి. లోపలి చుక్క తల ఎత్తుకొని నిలుస్తుంది.

రెట్టింపు కాని చోట మళ్ళీ ముగ్గు చెదురుతుంది. 27 అంగుళాల 3840 చుక్కల తెరమీద రెట్టింపు చేస్తే అక్షరాలు మరీ పెద్దవని కొందరు ఒకటిన్నర రెట్లు ఎంచుకొంటారు. ఒక చుక్క మందం గీత ఒకటిన్నర చుక్క కావలె. అర చుక్క గాజుమీద ఎక్కడిది? యాపిల్ కంప్యూటర్లు ఇటువంటప్పుడు చిత్రాన్ని మొదట 5120 చుక్కలకు గీచి, తరువాత 3840కి కుదిస్తాయి. కొంచెం మెత్తదనం వస్తుంది, చాలామంది గమనించరు. విండోస్‌లో తెలివైన ప్రోగ్రాములు ఒకటిన్నర రెట్ల అక్షరాన్ని నేరుగా గీస్తాయి, కాబట్టి స్పష్టంగానే ఉంటాయి. పాత ప్రోగ్రాములకు ఆ తెలివి లేదు. వాటి బొమ్మను కంప్యూటరు సాగదీస్తుంది. ఒకే తెరమీద ఒక కిటికీలో అక్షరాలు తేటగా, ప్రక్క కిటికీలో మసకగా ఉండడానికి తెరను నిందించి ప్రయోజనం లేదు. ఒడి కంప్యూటరుకు వేరే తెర తగిలించినప్పుడు ఈ బాధ ఎక్కువ. రెంటి చుక్కల సాంద్రత వేరువేరు. ఒక్కొక్క తెరకు ఒక్కొక్క కొలత పెట్టుకొనే సౌకర్యం విండోస్‌లో 2013లో వచ్చిన 8.1తో మొదలయినది.

తీగ ఇబ్బంది కూడ మరొక రూపంలో తిరిగివచ్చినది. 4కె అని పిలిచే తెరకు 3840, 2160 చుక్కలు, హెచ్చిస్తే 82,94,400. సెకనుకు 60 బొమ్మలు, చుక్కకు 24 అంకెలు చొప్పున లెక్కవేస్తే సెకనుకు సుమారు 1,194 కోట్ల అంకెలు పోవలె. 2009నాటి హెచ్.డి.ఎం.ఐ. 1.4 పద్ధతి చిత్రానికి ఇవ్వగలిగినది 816 కోట్లు మాత్రమే. కాబట్టి సెకనుకు 30 బొమ్మలతో సరిపెట్టుకోవలసి వచ్చినది. ఎలుకబాణం తెరమీద గెంతుతూ పోతుంది. 2010నాటి డిస్ప్లేపోర్టు 1.2, 2013నాటి హెచ్.డి.ఎం.ఐ. 2.0 ఈ ఇరుకును తొలగించినవి. కొన్ని టెలివిజన్లు మరొక అడ్డదారి త్రొక్కినవి: వెలుతురును చుక్క చుక్కకూ పంపి, రంగును మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కసారి పంపడం. సినిమాలో ఇది ఎవరికీ తెలియదు. నీలం నేలమీద ఎర్ర అక్షరాలు వ్రాసి చూస్తే వెంటనే తెలుస్తుంది. అక్షరం అంచులు నానినట్లు కనబడతాయి.

బడులలో గోడకు పెద్ద టెలివిజను తగిలించి కంప్యూటరు తెరగా వాడడం నేడు సామాన్యమయినది. కాథోడ్ నాళపు రోజులలో చిత్రం అంచులు చెక్క చట్రం క్రింద దాగిపోయేవి. ఆ అలవాటు వదలక కొన్ని టెలివిజన్లు ఇప్పటికీ చిత్రాన్ని కాస్త పెద్దదిచేసి అంచులు కోసివేస్తాయి. అంతటితో ప్రతి చుక్కా తన గడి తప్పుతుంది. టెలివిజను అమరికలలో చిత్రాన్ని ఉన్నది ఉన్నట్లు చూపమనే మీట ఎక్కడో ఉంటుంది. పేరు ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్కటి పెట్టుకొన్నది. వెతికి నొక్కితే మసక చిటికెలో విడిపోతుంది. అయితే 55 అంగుళాల టెలివిజనుకు 4కె కావలెనా అని అడిగే ఉపాధ్యాయులు స్నెల్లెన్ లెక్కను మరచిపోరాదు. 1920 చుక్కల 55 అంగుళాల తెరమీద చుక్క 0.634 మిల్లీమీటరు. మూడు మీటర్ల దూరాన కూర్చున్న విద్యార్థి కన్ను 0.87 మిల్లీమీటరుకంటె చిన్న చుక్కను విడిగా చూడలేదు. వెనుక బెంచీలకోసం డబ్బు ఖర్చుపెట్టదలిస్తే అక్షరాలు పెద్దవిగా వ్రాయడం మేలు. దానికి ఖర్చు కూడ లేదు.

బల్లమీది తెర ఇట్లు పెరుగుతూ ఉండగా శ్రీహరికోట కూడ ఊరక కూర్చోలేదు. 2001 అక్టోబరు 22న ఇక్కడినుండి పోయిన టి.ఇ.ఎస్. ఉపగ్రహం నేలమీద ఒక మీటరును ఒక చుక్కగా చూచినది. 2005 మే 5న కార్టోశాట్-1 దీవిలోని రెండవ ప్రయోగ వేదికనుండి లేచిన మొదటి రాకెట్టుమీద వెళ్ళినది. దాని చుక్క 2.5 మీటర్లయినా, రెండు కెమేరాలతో రెండు కోణాలనుండి చూచి ఎత్తుపల్లాలు కొలిచినది. 2007 జనవరి 10న వెళ్ళిన కార్టోశాట్-2 చుక్క మీటరులోపే. 2019 నవంబరు 27న వెళ్ళిన కార్టోశాట్-3 కెమేరా పావు మీటరు వరకు పట్టుకొంటుంది. పడవ ఇప్పుడు ఒకటి రెండు చుక్కలు కాదు; పొడవుకు ముప్పయికి పైగా చుక్కలు, వెడల్పుకు అయిదారు.

శ్రీహరికోట సముద్రతీరం సుమారు 50 కిలోమీటర్లని ఇస్రో లెక్క. 1997నాటి 5.8 మీటర్ల చుక్కతో ఆ తీరానికి 8,600 చుక్కలు కావలె. 8కె అనే పేరుతో వచ్చిన తెరలకు అడ్డంగా ఉన్నవి 7,680. తీరాన్ని చుక్కకు చుక్కగా పరచుకొంటూ పోతే ఆ తెరమీద దాదాపు 44 కిలోమీటర్లు పడుతుంది, ఆరు కిలోమీటర్లు అంచు దాటి మిగిలిపోతుంది. కార్టోశాట్-3 చుక్కతో లెక్కిస్తే అదే తీరానికి రెండు లక్షల చుక్కలు. 8కె తెరలు వరుసగా ఇరవయ్యారు పేర్చినా చివర మూడు వందల చుక్కలకు చోటు చాలదు.